చిటికెడు ఉప్పు

దుర్గారావు కన్నతల్లి చంకలోని బిందె లాక్కుని నీళ్లు గట్టు మీద పారబోశాడు.

వాడు తల్లి మొహం చూడలేదు. తల్లి వెంకటనరసమ్మ కూడా కొడుకు మొహం చూడలేదు. ఎండిన గట్టు మన్ను ఆ నీళ్లను ఎంత ఆబగా తాగేస్తోందో అదే చూస్తూ నిలబడింది.

"మన చెరువులోనే ముంచుకున్నానురా. పరాయి ఊరి చెరువులో కాదు," అంది.

"ఊరి కట్టుబాటే అమ్మా. నువ్వూ వేలిముద్ర వేసినదానివే కదా," అన్నాడు దుర్గారావు. ఖాళీ బిందె ఆవిడ చేతికిచ్చి, వల కంచెకున్న తడిక తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. ఆ చెరువుకి వాడు జీతానికి కాపలా.

రెండువేల ఎనిమిది, మే నెల. పొద్దున్న పదింటికే ఎండ పేలిపోతోంది. కైకలూరు దాటాక కొల్లేటి అంచున, చుట్టూ చేపల చెరువుల మధ్య ఇరుక్కున్న తుంగలపాడు అనే ఊరు అది. ఈ తల్లీకొడుకుల భాగోతం కళ్లారా చూసినవాడు ముస్తాక్. ఏలూరులో ఒక నీళ్ల మిషన్ల కంపెనీకి సేల్స్, సర్వీసు రెండూ తనే. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఎన్నో వంటిళ్ల గోడల మీద ఆర్.ఓ. మిషన్లు బిగించిన చేతులు అవి. ఏడేళ్లుగా బయట చుక్క నీళ్లు ముట్టని మనిషి. తన ఇంటి మిషన్లో పట్టిన నీళ్ల సీసా లేకుండా గడప దాటడు.

ఆ రోజు తుంగలపాడు నీళ్ల ప్లాంటులో ఉప్పు వడగట్టే మెంబ్రేన్ మార్చడానికి వచ్చాడు. ప్లాంటు వెంకట్రాజుగారిది. చెరువూ ఇప్పుడు ఆయనదే. ముస్తాక్ బండి స్టాండు వేసి ప్లాంటు వెనక్కి వెళ్లాడు. వెళ్లి అక్కడే ఆగిపోయాడు.

వెనక గోడలోంచి బయటికొచ్చిన వేస్టు పైపు కింద ఆడవాళ్లు బిందెలు పెట్టి వరసలో నిలబడ్డారు. పదిహేనుమంది ఉంటారు.

"ఇక్కడ పడుతున్నారేంటమ్మా? ఇవి వేస్టు నీళ్లు!" అన్నాడు.

"వేస్టేంటండీ? మిషన్లోంచేగా వస్తున్నాయి," అంది వరసలో ఒకావిడ నవ్వుతూ. "ముందు కుళాయివి కొనుక్కునేవాళ్లకి. వెనక పైపువి మాలాంటోళ్లకి. రాజుగారు ఊరికే పట్టుకోమన్నారండి."

"చూడండి బాబూ ఎంత తేటగా ఉన్నాయో! చిల్లగింజ కూడా అక్కర్లేదు," అంది ఇంకొకావిడ.

ఆ ఊళ్లో నీళ్లకి ఒకటే పరీక్ష. కాలువ నీళ్లు చెరువులోకి ఎర్రగా వస్తాయి. కుండ లోపలి అంచుకి చిల్లగింజ నాలుగుసార్లు రుద్దితే మన్నంతా అడుక్కి దిగి నీళ్లు తేరతాయి. తేరిన నీళ్లు మంచినీళ్లు, తేరనివి చెడ్డనీళ్లు. తాతల నాటి నుంచీ అంతే. ఆ పరీక్షకి వెనక పైపు నీళ్లు ఫస్టుక్లాసులో పాసయిపోయాయి. మరి మిషను బోరు నీళ్లలోంచి తీసిన ఉప్పంతా ఏం చేస్తుంది? జేబులో దాచుకోదు కదా! ఆ వెనక పైపులోకే తోసేస్తుంది. ఈ ముక్క ఆ ఆడవాళ్లకి చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

వరసలో మౌనిక ఉంది. దుర్గారావు పెళ్లాం, ఇంటర్ చదివిన పిల్ల. ఏడో నెల. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక వట్టి కాళ్లతో వేడి నేల మీద నిలబడింది.

"కాస్త ఉప్పగా ఉంటాయి సార్. కూరలోకి ఉప్పు కలిసొస్తుందని మా అత్తయ్య నవ్వుతుంది," అంది.

ముస్తాక్ జేబులోంచి మీటరు తీసి ఆమె బిందెలో ముంచాడు. నీళ్లలో ఎంత లవణం కరిగి ఉందో చెప్పే మీటరు అది. తన ఇంట్లో నీళ్లకి నలభై చూపిస్తుంది. ఇక్కడ రెండువేల మూడువందలు చూపించింది.

"ఎంతుందండీ?" అని అడిగింది మౌనిక.

నోటి దాకా వచ్చిన మాటను ముస్తాక్ మింగేశాడు. ప్లాంటు ఆర్డరు తెచ్చినవాడు తనే. ఆ మాట పైకి అంటే ఇంకా వెనక్కి వెళ్లాలి, పది నెలల కిందటి సంగతి కక్కాలి.

"బాగానే ఉందమ్మా," అన్నాడు. మీటరు జేబులో పెట్టుకున్నాడు.

పది నెలల కిందట జరిగింది ఇది.

రెండువేల ఆరులో కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు సర్కారు పేల్చినప్పుడు వెంకట్రాజు చెరువులు కూడా పోయాయి. ఆయనకి సరస్సు హద్దుకి బయట, కాలువ నీళ్లు అందే చెరువు ఒకటి కావలసొచ్చింది. తుంగలపాడు మంచినీళ్ల చెరువు ఆరెకరాలు కళ్ల ముందే ఉంది. అయితే మంచినీళ్ల చెరువుని చేపలకి లీజుకిస్తారా? ఇవ్వరు. ఆ చెరువులో ఎవరూ కాలు పెట్టరు, బల్ల మీద కూచుని బిందె ముంచుకోవలసిందే. ఆయన ఆ దిగుల్లో ఉండగానే కైకలూరులో ఆయన ఇంటికి ఆర్.ఓ. మిషను అమ్మడానికి ముస్తాక్ వెళ్లాడు. హాల్లో టీపాయి మీద డెమో పెట్టె తెరిచాడు.

ఆ పెట్టెకి రెండు గ్లాసులు పడతాయి. మూత నుంచి ఒక్కో గ్లాసులోకి రెండేసి కడ్డీలు దిగుతాయి. ఒక గ్లాసులో ఇంటివాళ్లు తాగే నీళ్లు, రెండోదాంట్లో మిషను నీళ్లు పోసి స్విచ్చి వేస్తారు. రెండు నిమిషాల్లో ఇంటి నీళ్లు పచ్చగా, గోధుమరంగుగా, ఆఖరికి నల్లటి మడ్డిగా మారతాయి. మిషను నీళ్లు చెక్కు చెదరవు. ఇంటావిడ "అమ్మో, ఇదా మేం తాగుతున్నది!" అంటుంది. ముస్తాక్ అప్పుడు ఆర్డరు పుస్తకం తీస్తాడు.

అందులో ఉన్నది మోసం. మామూలు నీళ్లలో కాస్త లవణం ఉంటుంది కాబట్టి కరెంటు పారుతుంది, ఇనపకడ్డీ కరుగుతుంది. కనిపించే మడ్డి కడ్డీ తుప్పు. మిషను నీళ్లలో లవణం లేదు, అందుకని కరెంటు పారదు, కడ్డీ కరగదు. ట్రైనింగులో కంపెనీ ఆఫీసరు ఈ సంగతి చెప్పి, "ఉప్పు డబ్బా మాత్రం మీ దరిదాపులకి రానివ్వకండి బాబూ" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ముస్తాక్ కూడా నవ్వాడు.

వెంకట్రాజు ఆ డెమో రెండుసార్లు చూపించమన్నాడు. "ఇదేదో బాగుందయ్యా ముస్తాకూ. పాపం మా తుంగలపాడు జనం మురికినీళ్లు తాగి చస్తున్నారు. వాళ్లకీ చూపిద్దువు గాని రా," అన్నాడు.

ఊరంతా చావిడి దగ్గర పోగయింది. ఎండనపడి వచ్చాడని వెంకటనరసమ్మ ముస్తాక్‌కి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. చెరువు నీళ్లు, చిల్లగింజ వేసి తేర్చినవి. ముస్తాక్ తన సంచిలోని సీసా చూపించి "వద్దమ్మా, నాకున్నాయి" అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఆ నీళ్లే పెట్టెలో పోశారు. స్విచ్చి పడింది. నీళ్లు పచ్చబడి, ఎర్రబడి, మడ్డయ్యాయి.

"బాబూ," అంది వెంకటనరసమ్మ. "నా పిల్లలిద్దరు పాలు తాగే వయసులో పోయారు. ఈ నీళ్ల వల్లేనా?"

ముస్తాక్ అవుననలేదు. కాదని కూడా అనలేదు.

ముత్యాలరావు ఆ ఊరి పెద్ద. మంచివాడే. కళ్ల నీళ్లు పెట్టుకుని అక్కడికక్కడే కట్టుబాటు వేశాడు. ఆ ఊళ్లో కట్టుబాటంటే దేవుడి మాటకన్నా ఎక్కువ. ఊరంతా కూర్చుని ఒకటి అనుకున్నాక పోలీసులైనా కోర్టులైనా దాని తర్వాతే. ఆ కట్టుబాటు మీదే వాళ్లు తుఫాన్లనీ కరువునీ దాటారు. "చెరువు నీళ్లు ముట్టిన ఇల్లు తప్పు డబ్బు కట్టాలి. మళ్లీ ముడితే వెలి," అన్నాడాయన. కాగితం మీద వేలిముద్రలు పడ్డాయి. చెరువు తాగడానికి పనికిరాదని తీర్మానమయ్యాక లీజు ఎంతసేపు? రాజుగారు ప్లాంటు పెట్టి మూడు నెలలు టిన్నుల నీళ్లు ఊరికే ఇచ్చాడు. నాలుగో నెల నుంచి అమ్మాడు. కొనలేనివాళ్లు వెనక పైపుకి చేరారు.

ఒక ఊరు తన చెరువుకి తనే కాపలా పెట్టుకుని, తన తల్లుల బిందెలు తనే పారబోసుకుంది. ఆ పెట్టె స్విచ్చి వేసిన చెయ్యి ముస్తాక్‌ది.

మీటరు జేబులో పెట్టుకుని వచ్చేసిన తొమ్మిదో రోజున దుర్గారావు ఏలూరులో ముస్తాక్ ఇంటి తలుపు కొట్టాడు. ఏలూరులో వాడికి తెలిసిన మనిషి ఇతనొక్కడే. చేతిలో నలిగిన విజిటింగు కార్డు ఉంది.

"మా ఆవిడకి ఫిట్సు వచ్చాయి సార్. పెద్దాసుపత్రిలో పడేశాను. రక్తం కావాలంటున్నారు."

ముస్తాక్ రక్తమిచ్చాడు. మౌనిక బతికింది. బిడ్డ బతకలేదు. మగపిల్లాడు. దుర్గారావు ఆ గుడ్డమూటని చేతుల్లో పెట్టుకుని వరండా మెట్ల మీద కూర్చున్నాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

డాక్టరమ్మ బయటికొచ్చి కసిరింది. "ఉప్పు మానమని నెల కిందటే రాసిచ్చారుగా? ఒళ్లంతా నీరు, బీపీ ఆకాశంలో ఉంది. చెబితే వినరేం మీరు?"

"మానేశామండీ," అన్నాడు దుర్గారావు. "నెల రోజుల్నుంచీ కూరలో చిటికెడు ఉప్పు వెయ్యలేదు. మా అమ్మ ఉప్పు కుండ అటక మీద పెట్టేసింది. ఒట్టు."

డాక్టరమ్మ నమ్మలేదు. ముస్తాక్ నమ్మాడు. రెండువేల మూడువందలు అనే అంకె అతని కళ్ల ముందు నిలబడింది. బీపీకి వేరే కారణాలూ ఉండొచ్చు. డాక్టర్లకే తెలియాలి. కానీ ఎంతుందండీ అని ఆ పిల్ల అడిగింది, తను బాగానే ఉందన్నాడు. అతనికి ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాడు.

అక్కడే, ఆ మెట్ల మీదే అంతా చెప్పాడు. పెట్టె సంగతి, కడ్డీల సంగతి, వెనక పైపు సంగతి, మీటరు సంగతి. దుర్గారావు మూటని పక్కన పడుకోబెట్టి లేచి, ముస్తాక్ చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు. రెండోసారి కొట్టబోయి, తన చెయ్యి తనే చూసుకుని ఆగాడు. తల్లి బిందె లాక్కున్న చెయ్యి కూడా అదే కదా.

సాయంత్రం మౌనికకి ఈ సంగతి తెలిసింది.

"ఈయన్ని కొడితే ఏమొస్తుంది?" అంది మంచం మీంచే. "ఆ పెట్టె తీసుకుని ఊళ్లోకి రమ్మనండి. ఎవరిముందు చేశాడో వాళ్లముందే విప్పాలి."

ముస్తాక్ భార్య కమరున్నీసా ఆ మాట విని ఇంట్లో గొడవ పెట్టుకోలేదు. "ఉద్యోగం పోతుంది కదండీ," అంది మెల్లగా.

"పోతుంది."

"మరి ఉప్పు పట్టుకెళ్తున్నారా?" అని అడిగి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

మౌనికని ఇంటికి పంపాక వచ్చిన ఆదివారం పొద్దున్న చావిడి దగ్గర మళ్లీ ఊరు పోగయింది. వెంకట్రాజుకి కబురెలా వెళ్లిందో, కారేసుకుని ఆయనా వచ్చాడు. మౌనిక అత్తగారి భుజం పట్టుకుని నడిచొచ్చి అరుగు మీద కూలబడింది.

ముస్తాక్ పెట్టె తెరిచాడు. "ఆ రోజు మీకు అబద్ధం చూపించాను," అన్నాడు. "ఈ రోజు నిజం చూపిస్తాను. రాజుగారూ, మీ ప్లాంటు టిన్ను సీలు మీ చేత్తోనే తియ్యండి."

తియ్యక తప్పలేదు. రెండు గ్లాసుల్లోనూ ఆ టిన్ను నీళ్లే పోశారు. స్విచ్చి వేస్తే ఏ గ్లాసులోనూ మార్పు లేదు. ముస్తాక్ పొట్లం విప్పి ఒక గ్లాసులో చిటికెడు ఉప్పు వేశాడు. జనం మెడలు సాచారు. నిమిషం గడిచేసరికి కడ్డీల చుట్టూ పచ్చగా పొగలా లేచింది. రెండో నిమిషానికి గ్లాసు నిండా అదే మడ్డి. ఆ రోజు చెరువు నీళ్లలో చూసిన మడ్డే. "ఇది నీళ్లలో మురికి కాదు, కడ్డీ తుప్పు," అన్నాడు ముస్తాక్.

"ఉప్పులో మందు కలిపి తెచ్చాడు!" అని అరిచాడు వెంకట్రాజు. "ఎక్కడివాడు వీడు? ఏ ఊరివాడు, ఏ మతంవాడు? వాడి మాట పట్టుకుని ఊరు గంతులేస్తుందా?"

"అయితే మన ఉప్పే తెద్దాం," అంది మౌనిక.

చేపలు ఎండబెట్టుకుని బతికే ఊళ్లో ఉప్పుకి కొదవేముంది! ఆడవాళ్లు ఇళ్లకి పరిగెత్తారు. కొంగుల్లో, దోసిళ్లలో, సత్తు గిన్నెల్లో రాతి ఉప్పు వచ్చింది. ముత్యాలరావు తన ఇంటి ఉప్పు తనే వేశాడు. గ్లాసు మడ్డయింది. కడిగి ఇంకొకరి ఉప్పు వేశారు. మళ్లీ మడ్డే. ఐదోసారి ముస్తాక్ స్విచ్చి ముట్టుకోలేదు, వెంకటనరసమ్మ వేసింది. గ్లాసు రంగు మారుతుంటే ఆవిడ దానికేసి వంగి చూసింది.

"అంటే నా పిల్లలు నా చెరువు వల్ల పోలేదు," అంది. పది నెలలు ఆ ముసలిది ఆ బరువు మోసిందని ముస్తాక్‌కి అప్పుడు తెలిసింది. తల ఎత్తలేకపోయాడు.

"వెనక పైపు సంగతి కూడా చెప్పండి," అంది మౌనిక. "ఆ రోజు నా బిందెలో ఎంతుంది?"

"రెండువేల మూడువందలమ్మా. తాగకూడని నీళ్లు. బాగానే ఉందని అబద్ధం చెప్పాను."

ఒక్కసారిగా జనం మీదికొచ్చారు. కొందరు ముస్తాక్ మీదికి, కొందరు కారు మీదికి. ముత్యాలరావు చేతులు చాచి మధ్యలో నిలబడ్డాడు. వెంకట్రాజు మాత్రం బెదరలేదు. లాల్చీ జేబులోంచి కాగితం తీసి ఆడించాడు.

"అరుపులెందుకు? తీర్మానం చేసింది మీరు. వేలిముద్రలు మీవి. మూడేళ్లు చెరువు నాది. కావలిస్తే కోర్టుకెళ్లండి. ఏమయ్యా ముత్యాలరావూ, ఊరి మాట తప్పుతావా? మీ తాతలు తప్పారా ఎప్పుడైనా?"

ఆ దెబ్బ తగలవలసిన చోట తగిలింది. ముత్యాలరావు తల దించుకున్నాడు. "కట్టుబాటు నేనే వేశాను," అన్నాడు. "ఇంకోటి కూడా ఉంది. ఆ చెరువులో ఇప్పుడున్నవి మేత కలిసిన నీళ్లు, మందులు పోసిన నీళ్లు. కంచె పీకినా తాగలేం. తోడి పారబొయ్యాలి. కాలువ ఎప్పుడొస్తుంది? ఇంకా పద్దెనిమిది రోజులు. అప్పటిదాకా ఊరు ఏం తాగుద్ది?"

వెంకట్రాజు నవ్వాడు. "టిన్నులున్నాయిగా," అన్నాడు.

ఆ నవ్వుకి వెంకటనరసమ్మ లేచింది. "ఊరు కట్టింది ఊరే విప్పుద్ది, ముత్యాలూ. ఆ రోజు మనం మాటిచ్చింది నిజానికి. అబద్ధానికి కాదు. పద్దెనిమిది రోజులేంట్రా, ఇంటికి రోజుకొక్క బిందె చాలు. పై ఊళ్ల చెరువుల నుంచి దోనె పడవల మీద తెచ్చుకుందాం. పసిపిల్లలకి ముందు, ముసలోళ్లకి ఆఖర్న. నేను ముసలిదాన్నే, నాకు ఆఖర్నే పొయ్యండి."

మౌనిక కూర్చునే మాట్లాడింది. గొంతు పెద్దది కాదు గాని అందరికీ వినబడింది. "చెరువు కాపలా మా ఆయనే. మేత వేసేది మనవాళ్లే. వల లాగేది మనవాళ్లే. టిన్నులు మోసేది, ప్లాంటు స్విచ్చి వేసేది మనవాళ్లే. రాజుగారి దగ్గర ఆ కాగితం తప్ప ఏముంది? రేపట్నుంచి ఒక్క చెయ్యి లేవకపోతే ఆ కాగితం చేపలకి మేత వేస్తుందా?"

దుర్గారావు మొలలోంచి తాళంచెవి తీసి వెంకట్రాజు కాళ్ల దగ్గర పడేశాడు.

అప్పుడు ముత్యాలరావు కొత్త కట్టుబాటు వేశాడు. టిన్ను కొన్న ఇల్లు వెలి. రాజుగారి పనిలోకి వెళ్లిన ఇల్లు వెలి. చెరువు తూము తీసి ఆ నీళ్లు వదిలెయ్యాలి. తూము ఎవరు తీశారని ఎవరడిగినా ఊరు తీసిందనాలి, మనిషి పేరు చెప్పిన ఇల్లు వెలి. వేలిముద్రలు అడగలేదు. చేతులెత్తారు.

ఆ పని పట్టపగలే జరిగింది. మిట్టమధ్యాహ్నం, దొరల్లా నడిచివెళ్లి చేశారు. వల కంచె కోసి మడతపెట్టి గట్టు మీద పేర్చారు. ఆరెకరాల చెరువు చుట్టూ మూడువందలమంది నిలబడ్డారు. తూము పలక ఎత్తేసరికి పచ్చటి నీళ్లు హోరుమని మురుగు కాలువలోకి దూకాయి. చేపలు వెండిలా ఎగిరిపడుతున్నాయి. చేపలు పట్టడం తప్ప ఏదీ తెలియని ఆ జనంలో ఒక్కడూ వంగి ఒక్క చేప తీసుకోలేదు. ఎవరూ చెప్పకుండానే తీసుకోలేదు. ముస్తాక్ గట్టు మీద నిలబడి అదంతా చూశాడు. పారిపోయే వ్యవధి ఉంది. వెళ్లాలనిపించలేదు.

మూడింటికి రెండు జీపులొచ్చాయి. ఎస్సై ఊరిని చూశాడు, వెంకట్రాజుని చూశాడు. మూడువందలమందిని ఎక్కించడానికి జీపులు చాలవు. బయటివాడు ఒక్కడే కనిపించాడు. ముస్తాక్‌ని రెక్క పట్టి ఈడ్చి, డెమో పెట్టెతో సహా జీపులో పడేశారు. వెంటపడిన ఆడవాళ్ల మీద లాఠీలు లేచాయి. ముత్యాలరావు నుదురు పగిలింది.

కైకలూరు స్టేషన్లో ఆ రాత్రి ముస్తాక్‌ని ఎలా కొట్టారో వివరంగా చెప్పను. తెల్లారేసరికి కుడిచెయ్యి పైకి లేవడం లేదు. కంపెనీ నుంచి ఫోనొచ్చిందనీ ఉద్యోగంలోంచి తీసేశారనీ కానిస్టేబులు చెప్పాడు. కమరున్నీసా వచ్చి ఏడవకుండా చూసి, గేటు బయట కూర్చుంది.

తొమ్మిదింటికి గేటు దగ్గర అలికిడయింది. తుంగలపాడు వచ్చింది. ఆడా మగా, తలకి కట్టుతో ముత్యాలరావు, సైకిలు దిగి దుర్గారావు చెయ్యి పట్టుకుని మౌనిక. తెల్లారకముందే బయల్దేరి నడిచినవాళ్ల కాళ్లు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. కమరున్నీసాని మధ్యలో కూర్చోబెట్టుకుని స్టేషను ముందు నేల మీద కూర్చున్నారు.

"తూము మేం తీశామండీ. మమ్మల్ని కూడా లోపలెయ్యండి," అన్నాడు ముత్యాలరావు.

ఎస్సై మర్యాదగానే మొదలుపెట్టాడు. "చూడండమ్మా, మీరు అమాయకులు. ఈ ముస్తాక్ గాడు మిమ్మల్ని రెచ్చగొట్టాడు. ఆ ఒక్క ముక్క రాసిచ్చి ఇళ్లకెళ్లిపోండి. మీ మీద కేసు లేకుండా చూస్తాను. పైగా మీ ఊరివాడు కూడా కాదు కదా."

"మా వాడేనండీ," అంది వెంకటనరసమ్మ.

"సరే, రాసుకోవయ్యా," అన్నాడు ఎస్సై విసుగ్గా. రైటరు పుస్తకం తెరిచాడు.

"పేరు?"

"తుంగలపాడు."

"ఊరి పేరు కాదవ్వా, నీ పేరు."

"అదే బాబూ. తుంగలపాడు."

"మొగుడి పేరు?"

"తుంగలపాడు."

తర్వాత దుర్గారావు వచ్చాడు. తర్వాత మౌనిక. ఎవరిని అడిగినా అదే మాట. అరిచినా అదే, లాఠీతో బల్ల మీద కొట్టినా అదే. మొదట నవ్విన కానిస్టేబుళ్లకి పదిమంది తర్వాత నవ్వు రాలేదు.

"ఎన్నాళ్లు కూర్చుంటారిలా?" అన్నాడు ఎస్సై.

"కాలువ వచ్చేదాకా అండీ," అంది మౌనిక నెమ్మదిగా. "కాలువొచ్చిన రోజున చెరువు నింపుకోవాలి. ఆ రోజు మాత్రం వెళ్లాలి. ఈయన్ని కూడా తీసుకెళ్తాం."

గొడవ ముదురుతుండగా వెంకటనరసమ్మ లాకప్ కమ్మీల దగ్గరికి వచ్చింది. చంకలో చిన్న బిందె. పరాయి ఊరి చెరువు నుంచి దోనెలో వచ్చిన నీళ్లు, ఆ రోజుకి ఆవిడ వంతు. సత్తుగ్లాసులోకి వంచి కమ్మీల మధ్య నుంచి అందించింది.

"ఆ రోజు వద్దన్నావు," అంది. "ఇప్పుడు తాగు నాయనా. చిల్లగింజ వేశాను."

"ఆ నీళ్లు తాగకురా, రోగాలొస్తాయి. అదుగో టిన్నుంది," అన్నాడు సెంట్రీ. మూల స్టూలు మీద వెంకట్రాజు ప్లాంటు టిన్ను బోర్లించి ఉంది.

ముస్తాక్ ఎడమచేత్తో గ్లాసందుకున్నాడు. పగిలిన పెదవికి నీళ్లు తగిలి మండింది. నీళ్లలో కాస్త మన్ను వాసన ఉంది. గుక్క తిప్పుకోకుండా అడుగు దాకా తాగి గ్లాసు తిరిగిచ్చాడు. ముసలావిడ ఆ ఖాళీ గ్లాసుని కొంగుతో తుడుచుకుంది.

రైటరు పుస్తకం తీసుకుని లాకప్ దగ్గరికొచ్చాడు. రిమాండు కాగితం పూర్తి చెయ్యాలి.

"ఊఁ, నీ పేరు చెప్పు."

ముస్తాక్ మూతి తుడుచుకున్నాడు.

"తుంగలపాడు," అన్నాడు.